ముళ్ళు తీసిన చేప

"నువ్వు సామాన్ల దగ్గర కూర్చో. మేమిద్దరం అలా లాంజ్‌లోకి వెళ్ళొస్తాం," అన్నాడు భర్త.

ఆయన దగ్గరున్న కార్డుకి ఆయన్నీ, వెంట ఇంకొక్కరినీ లోపలికి రానిచ్చి భోజనం పెడతారు. ఆ ఇంకొక్కరు ఎవరన్న ప్రశ్న అక్కడ ఎవరికీ తట్టలేదు. మరిది అప్పటికే చొక్కా సర్దుకుని నాలుగడుగులు ముందుకు వేశాడు. "వదినకి ఏదో ఒకటి తెద్దాంలే అన్నయ్యా," అన్నాడు వెళ్తూ వెళ్తూ. విమానం మూడున్నర గంటలు ఆలస్యమని తెర మీద పడి అప్పటికి పది నిమిషాలయింది. వాళ్ళు వెళ్ళాక ఆమె ముందు ఒక చక్రాల బండి మిగిలింది. దాని మీద అన్నదమ్ముల కంప్యూటర్ సంచులు రెండు, ఆయన మందుల పెట్టె, అత్తగారికి కొన్న మెత్తటి దిండు, అన్నిటికీ పైన టికెట్ల ఫైలు.

ఆమెను వీధిలో అందరూ పళ్ళమ్మ అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, అరటిపళ్ళున్నాయా అంటూ తలుపు కొట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆమె చేసేది కట్టుడు పళ్ళు. ఇరవయ్యారేళ్ళుగా ఒకే ల్యాబ్‌లో, ఒకే కిటికీ పక్కన కూర్చుని, మైనంతో పన్ను మలిచి, పింగాణీ పొడి తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేస్తూ, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నోట్లో అది అతని సొంత పన్నులా కనిపించేదాకా రంగు కలుపుతుంది. డాక్టర్లు ఫోన్ చేసి, "పన్ను అద్భుతంగా కుదిరింది," అని ల్యాబు యజమానికి చెబుతారు. ఆయన "మా చేతి పని అలాంటిదండీ," అంటాడు. ఆ చెయ్యి పక్క గదిలో కుంచె కడుక్కుంటూ వింటుంది.

ఇంట్లోనూ అంతే. అత్తగారికి రెండు దవడలకూ పళ్ళు కట్టింది తనే. చిగుళ్ళు ఒరుసుకోకుండా ఆరుసార్లు సరిచేసి మరీ కట్టింది. పళ్ళు బాగున్నాయని ఎవరైనా అంటే అత్తగారు, "మా పెద్దాడు కట్టించాడు," అనేది. అబద్ధమేమీ కాదు. ల్యాబు దాకా ఆవిణ్ణి బండి మీద దింపింది ఆయనే.

పొద్దున్న ఐదింటికి లేచి ముగ్గురి కోసం రొట్టెల మధ్య గుడ్డు పెట్టి కట్టింది. టాక్సీలో వెనక కూర్చున్న అన్నదమ్ములిద్దరూ మాటల్లో పడి మొత్తం తినేశారు. "నువ్వు పొద్దున్నే తినవుగా," అన్నాడు భర్త ఖాళీ డబ్బా ముందు సీట్లోకి అందిస్తూ. తినని మాట నిజమే. పొద్దున్న తినడానికి ఆమెకు ఎప్పుడూ తీరిక దొరకలేదు. అది ఆయన లెక్కలో అలవాటు కింద స్థిరపడింది.

ఇప్పుడు ఒంటిగంట దాటింది. కూర్చున్న చోటికి ఎదురుగానే చేపల హోటలు ఉంది. గాజు అద్దం వెనక మంచుముక్కల మీద చేపలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. వెన్నలో వెల్లుల్లి వేగుతున్న వాసన కుర్చీల వరసల దాకా వస్తోంది. పళ్ళమ్మ ఆ వాసనను కాసేపు భరించింది. తర్వాత లేచి, బండి చేతిపట్టీ నొక్కి, సామాన్లతో సహా ఆ హోటల్లోకి నడిచింది. పెద్ద నిర్ణయమేమీ చేసుకోలేదు. సామాన్ల దగ్గర కూర్చోమన్నారు, ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు.

గుమ్మం దగ్గర వడ్డించే ఆవిడ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, మెడలో దారానికి కళ్ళజోడు వేలాడుతోంది. "ఎంతమంది?" అంది. బండి మీద అన్ని సంచులు చూసి ఆరుగురు కూర్చునే బల్ల వైపు తిరగబోయింది.

"నేనొక్కదాన్నే. సంచులు తినవు."

ఆవిడ నవ్వింది. నవ్వినప్పుడు పై వరసలో ముందు పన్ను ఒకటి పక్కపళ్ళ కన్నా తెల్లగా, సున్నం ముక్కలా కనబడింది. పళ్ళమ్మ చూపు అక్కడే ఆగిపోయింది. ఆవిడ చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమీ అనుకోకండి, నా పనే అది," అంది పళ్ళమ్మ. "రంగు చూడకుండా పెట్టేశారు. మళ్ళీ చేయించుకోవచ్చు."

"మీరు పళ్ళ డాక్టరా?"

"కాదు. డాక్టరు పెట్టే పన్ను నేను తయారు చేస్తాను."

"అంటే అసలు పని మీదే అన్నమాట," అంది ఆవిడ మామూలుగా, కిటికీ పక్క బల్ల తుడుస్తూ.

ఆ మాట ఇరవయ్యారేళ్ళలో ఎవరూ అనలేదు. పళ్ళమ్మ మెనూ కార్డు చూస్తున్నట్టు తల వంచుకుంది. ముక్కలు, వేపుళ్ళు, చారులు, పీతలు చాలా ఉన్నాయి. చివర్లో ఒకచోట "మొత్తం చేప, నిప్పుల మీద కాల్చినది" అని ఉంది. తల నుంచి తోక దాకా ఉన్న చేప. ఇంట్లో ముప్ఫయ్యేళ్ళుగా చేప తెచ్చేది, పొలుసు గీకేది, ఉప్పూ పసుపూ పట్టించి కడిగేది ఆమే. కానీ చేప బల్ల మీదికి వచ్చేసరికి ముక్కలవుతుంది. నడిమి ముక్కలు భర్తకు, తల అత్తగారికి, ముళ్ళు తీసిన పొట్ట ముక్క కూతురికి. కూతురు ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటోంది, ఆ ముక్క కూడా భర్త పళ్ళేనికే మళ్ళింది. "తోక ముక్కంటే మా ఆవిడకి ప్రాణం," అని ఆయన చుట్టాలతో చెప్పేవాడు. మొదటిసారి విన్నప్పుడు ఆశ్చర్యపోయింది. పదేళ్ళు వినేసరికి తనకూ అనుమానం వచ్చింది, నిజంగానే ఇష్టమేమోనని.

"ఇది తెండి," అని చూపించింది.

"అరగంట పడుతుంది. మీ విమానం ఎన్నింటికి?"

"ఆలస్యమన్నారు. చూసి చెబుతాను," అని ఫైలు అందుకుంది.

ఫైలు ఆమెదే, అంటే మొయ్యడం వరకు. లోపలున్నవి ఆయన ముద్రించి పెట్టుకున్న కాగితాలు. పైన ఈ రోజు టికెట్లు. అన్నదమ్ములిద్దరికీ పన్నెండో వరసలో పక్కపక్క సీట్లు, తనకు పదిహేనో వరసలో. సరే. దాని కింద తిరుగు టికెట్లు, వచ్చే ఆదివారానికి. ఒకటి భర్తది, ఒకటి మరిదిది. మూడోదాని కోసం కాగితం తిప్పింది. కాగితం వెనక ఖాళీ. ఫైలంతా రెండుసార్లు తిరగేసింది. దిండు కొన్న రసీదు దొరికింది. తన తిరుగు టికెట్టు దొరకలేదు.

అత్తగారు నెల కిందట కూతురి ఇంట్లో స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేశారు. "అమ్మని చూసి, చెల్లికి వారం రోజులు కాస్త ఊపిరి తీసుకోనిచ్చి వచ్చేద్దాం," అన్నాడు భర్త. వారమన్నాడు కాబట్టే ల్యాబులో సెలవు అడిగింది. ఒకటో తారీఖు నుంచి కొత్త యంత్రం మీద శిక్షణ ఉంది. కంప్యూటర్ తెర మీద గీస్తే పన్ను దానంతటదే చెక్కుకొచ్చే యంత్రం. ల్యాబు మొత్తానికి ఒక్కరినే పంపుతున్నారు, ఆ ఒక్కరు ఆమె. శిక్షణ అయ్యాక ఆ విభాగం ఆమె చేతికే ఇస్తామన్నారు. "తప్పకుండా వచ్చెయ్యాలి మరి. రాకపోతే ఇంకొకరిని పంపాల్సొస్తుంది," అన్నాడు యజమాని.

భర్త కోప్పడే మనిషి కాదు. కోప్పడితే ఎదురు చెప్పడం తేలికయ్యేది. ఆయన నవ్వుతూ, మెత్తగా, అందరి తరఫునా తనే నిర్ణయాలు తీసేసుకుని, అవి అందరి ఇష్టాలే అన్నట్టు ప్రకటిస్తాడు. టికెట్టు తియ్యడం మరిచిపోయాడేమో అనుకోబోయింది. కానీ ఆయన మరుపు మనిషి కాదు. దిండు రసీదు కూడా దాచాడు.

ఫోన్ తీసి ఆడపడుచుకి చేసింది. ఆ పిల్లను ఇంట్లో అమ్మడు అంటారు. పిల్లంటే పిల్ల కాదు, నలభై ఎనిమిదేళ్ళు. బళ్ళో పాఠాలు చెబుతుంది, భర్త పోయి ఆరేళ్ళయింది.

"అమ్మడూ, విమానం ఆలస్యం. మూడు దాటాక బయల్దేరుతుందట."

"లాంజ్‌లోంచి చిన్నోడు మెసేజ్ పెట్టాడు వదినా. పైగది నీకోసం సర్దేశాను. బీరువాలో రెండు అరలు ఖాళీ చేశా. ఆరు నెలల బట్టలకి చాలవంటావా?"

పళ్ళమ్మ నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "ఆరు నెలలని నీకెవరు చెప్పారు?"

"అన్నయ్యే. నువ్వే అడిగావట కదా. ఆ పనితో కళ్ళు లాగుతున్నాయి, మానేస్తాను, కొన్నాళ్ళు అత్తయ్య దగ్గరుంటానని నువ్వే అన్నావన్నాడు."

"నేనలా అనలేదు. వారం రోజులని నాకు చెప్పారు. నా తిరుగు టికెట్టు తియ్యలేదని ఇప్పుడే చూశాను."

అవతల కుక్కర్ కూత వినిపించింది, ఎవరో దాన్ని ఆపారు. అమ్మడు మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడింది.

"వదినా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నాలుగేళ్ళ కింద అమ్మని నా దగ్గర దింపినప్పుడు నీకేమని చెప్పాడు?"

"నువ్వే పట్టుబట్టావని. ఇల్లు బోసిగా ఉంది, అమ్మని నాకిచ్చెయ్యమని ఏడ్చావని."

"నాకేమో ఇంటికి రంగులేయిస్తున్నాం, పది రోజులు ఉంచుకోమన్నాడు. పదకొండో రోజు ఫోన్ చేస్తే, మీ వదినకి అమ్మతో పడటం లేదు, కొన్నాళ్ళు సర్దుకో అన్నాడు. నువ్వే వద్దన్నావనుకుని నాలుగేళ్ళు నీ మీద మనసులో పెట్టుకున్నాను వదినా."

పళ్ళమ్మకు ఆ రంగుల మాట గుర్తుంది. ఆ రంగులు ఎప్పుడూ వెయ్యలేదు. ఇంకొకటి కూడా గుర్తుంది. అత్తగారు కూతురి దగ్గరే ఉంటుందని భర్త చెప్పిన రోజు తనకు ఎంత హాయిగా అనిపించిందో. ఆ హాయి చెడిపోతుందేమోనని అమ్మడికి ఫోన్ చేసి ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే నాలుగేళ్ళ కిందటే తేలిపోయేది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు అడగరన్న ధీమా మీదే ఆయన ఇల్లు నడిపాడు.

"తప్పు నాది కూడా. నేను అడగాల్సింది," అంది.

"ఇప్పుడేం చేద్దాం?"

"నువ్వు చాలా అలిసిపోయావు అమ్మడూ. నన్ను ఉండిపొమ్మంటే ఉండిపోతాను."

ఆ మాట నిజంగానే అంది. అంటూనే కిటికీ పక్క కుర్చీ, కుంచెలు, ఇంకా అట్టపెట్టెలోనే ఉన్న ఆ యంత్రం కళ్ళ ముందుకొచ్చి, ఆడపడుచు సరేనంటుందేమోనని భయం కూడా వేసింది.

"నేను ఉండమనను," అంది అమ్మడు. "నీ ఉద్యోగం పోతే నాకు నిద్రొస్తుందా? అమ్మకి ఇద్దరు కొడుకులున్నారు. చిన్నోడు కంప్యూటర్ ఉంటే చెట్టు మీదైనా పని చేసుకుంటానని గొప్పలు చెబుతాడు. పైగదిలో చేసుకోమను. పగటిపూట ఒక మనిషిని పెట్టుకుందాం. నీ టికెట్టు నేను తీస్తున్నాను, ఆదివారం అదే విమానానికి. ఫోన్ పెట్టెయ్."

ఐదు నిమిషాల్లో టికెట్టు ఫోన్‌లోకి వచ్చింది. ఆ వెనకే ఇంకో మెసేజ్: "అరలు రెండూ చిన్నోడి చొక్కాలకి సరిపోతాయి."

అప్పుడు చేప వచ్చింది. పొడుగాటి తెల్లటి పళ్ళెంలో, చర్మం అక్కడక్కడ మాడి, పక్కన నిమ్మచెక్కతో. పళ్ళమ్మ తినడం మొదలుపెట్టింది. మనసు ఫోన్ మాటల మీద ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వెన్నుముల్లు వెంబడి వేలు పోనిచ్చి కండను విడదీసి, సన్నముళ్ళు ఒక్కొక్కటీ ఏరి, తెల్లటి మెత్తటి కండను పళ్ళెం అంచున కుప్పగా పేర్చి, తను మాత్రం తోక దగ్గర గీరుకుని తింటోంది.

వడ్డించే ఆవిడ నీళ్ళు పొయ్యడానికి వచ్చి ఆ కుప్పను చూసింది. "ఇంకెవరైనా వస్తున్నారా? ఇంకో పళ్ళెం తేనా?"

పళ్ళమ్మ పళ్ళెం వైపు చూసుకుంది. ఒక్క ముల్లు కూడా లేకుండా, పసిపిల్లకు పెట్టేంత శుభ్రంగా ఉంది ఆ కుప్ప. ఎవరి కోసం తీసిందో తనకే తెలియలేదు. అక్కడ ఎవరూ లేరు.

"ఎవరూ రావట్లేదు," అంది. పళ్ళేన్ని తిప్పుకుని, ఆ కండ మీద నిమ్మకాయ పిండి, ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. మెత్తగా, తియ్యగా ఉంది. ముల్లు తగులుతుందన్న జాగ్రత్త లేకుండా చేప నమలడం ఇంత తేలికని ఆమెకు తెలియదు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుతూ, నవ్వుతూ, టీవీ చూస్తూ చేప ఎలా తినగలిగేవారో ఇప్పుడు అర్థమైంది.

సగం కుప్ప అయ్యేసరికి అన్నదమ్ములు గుమ్మంలో కనబడ్డారు. కుర్చీల వరసలన్నీ వెతికినట్టున్నారు, భర్త నుదురు చెమటపట్టింది. చేతిలో కాగితం రుమాల్లో చుట్టిన కేకు ముక్కలు రెండు.

"నీకోసం తెచ్చాను," అని బల్ల మీద పెట్టి, పళ్ళెం చూశాడు. "ఇదేంటి?"

"చేప."

"అది కనిపిస్తోంది. చెప్పకుండా ఇక్కడికొచ్చి కూర్చుంటే ఎలా? ఎంత కంగారుపడ్డామో తెలుసా?"

"కూర్చోండి. నువ్వూ కూర్చో చిన్నోడా. ఆదివారం నా టికెట్టు లేదేమండీ?"

ఆయన కూర్చోలేదు. తమ్ముడి వైపు ఒకసారి చూసి, ఎప్పటి నవ్వు నవ్వాడు. "ఓ, అదా. అమ్మ పరిస్థితి చూసి అప్పుడు తీద్దామని. తొందరేముంది?"

"మీ ఇద్దరివీ ముందే తీశారుగా."

"మాకు ఆఫీసులున్నాయి."

"నాకూ ఉంది."

"ఉంది, కాదనట్లేదు. కానీ ఆ పళ్ళు ఎవరైనా చేస్తారు. అమ్మని అందరూ చూడలేరుగా. నీ చేతి మహిమ వేరు."

ఇలాంటి మెచ్చుకోలు ఇన్నేళ్ళుగా ఆమె చేత ఎన్ని పనులు చేయించిందో. "అమ్మడితో మాట్లాడాను," అంది. "ఆరు నెలల సంగతి చెప్పింది. నాలుగేళ్ళ కిందటి రంగుల సంగతి కూడా చెప్పింది. నాకు అత్తయ్యతో పడటం లేదని దానికి, అది ఏడ్చిందని నాకు చెప్పారు."

భర్త నవ్వు అలాగే ఉండిపోయింది, లోపల దన్ను లేని నవ్వు. ముందు పుంజుకున్నది మరిది. "నేను అప్పుడే అన్నాను వదినా, అన్నయ్యతో. వదినని ఒకసారి అడగమని."

"నన్నే అడగాల్సింది. నా ఫోన్ నంబర్ నీ దగ్గరుందిగా."

మరిది కేకు రుమాలు కొసలు మడవడం మొదలుపెట్టాడు.

"ఇవన్నీ ఇక్కడ వద్దు. ఇంటికెళ్ళాక తీరిగ్గా మాట్లాడుకుందాం," అన్నాడు భర్త, పక్కబల్లల వైపు చూస్తూ.

"ఇంటికెళ్తే నేను వంటింట్లో ఉంటాను, మీరు హాల్లో ఉంటారు. ఇక్కడైతే ముగ్గురం ఒక బల్ల దగ్గరున్నాం." ఆమె గొంతు పెంచలేదు. "ఆదివారం నేను వచ్చేస్తున్నాను. టికెట్టు వచ్చింది. అత్తయ్యకి నడక వచ్చేదాకా మీ ఇద్దరిలో ఒకరు ఉండాలి. పైగది చిన్నోడి పనికి బాగుంటుందని అమ్మడంది."

"నేనా?" అన్నాడు మరిది. "అమ్మకి స్నానం చేయించడం, లేపి కూర్చోబెట్టడం... అవన్నీ నాకెలా వస్తాయి వదినా?"

"నాకూ పుట్టుకతో రాలేదు. వారముంది, నేర్పుతాను. లేదంటే మీ అన్నయ్య ఉంటారు."

"నాకెలా కుదురుతుంది?" అన్నాడు భర్త. అని, మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. లెక్క తప్పిన మనిషి మళ్ళీ మొదటి నుంచి కూడుకుంటున్నట్టుంది. "నలుగురూ ఏమనుకుంటారు? కోడలుండి కొడుకు చేత చేయించిందంటారు."

"అననివ్వండి. ఇన్నాళ్ళూ నేను అన్నానని మీరు చెప్పిన మాటల కన్నా అది నయం."

విమానం ఎక్కేవాళ్ళు గేటు దగ్గరికి రావాలని మైకులో చెప్పారు. భర్త అలవాటుగా లేచి, "పద," అన్నాడు.

"మీరు సామాన్లు తీసుకుని నడవండి. వరసలో ముందుండేవాళ్ళని ఉండనివ్వండి, నేను తినేసి వస్తాను. ఆరు నెలలు ఎవరుంటారో విమానంలో మాట్లాడుకోండి. మీ సీట్లు పక్కపక్కనే."

ఇద్దరూ బండిని తొయ్యబోయారు. అది కదల్లేదు. ఒకరు లాగారు, ఒకరు తోశారు. చేతిపట్టీ కిందికి నొక్కితేనే చక్రాలు వదులవుతాయని చెప్పి, ఆమె మళ్ళీ పళ్ళెం వైపు తిరిగింది. మిగిలిన కండ అంతా తింది. తల కూడా వదల్లేదు. తొందరపడలేదు. వడ్డించే ఆవిడ పళ్ళెం తియ్యడానికి వచ్చినప్పుడు ఒక కాగితం మీద ల్యాబు చిరునామా రాసి ఇచ్చింది. "ఒకటో తారీఖు తర్వాత శిక్షణలో ఉంటాను. అదయ్యాక మీ డాక్టరు చేత పన్ను కొలతలు నా పేరు మీద పంపించండి. రంగు నేను చూస్తాను."

"ఏ పేరని చెప్పమంటారు?"

ఆమె తన అసలు పేరు చెప్పింది. ఆవిడ దాన్ని చిరునామా పైన రాసుకుంది.

విమానంలో పదిహేనో వరస నుంచి పన్నెండో వరసలోని రెండు తలలు కనబడుతున్నాయి. దగ్గరగా వంగి మాట్లాడుకుంటున్నాయి, విడిపోతున్నాయి, మళ్ళీ వంగుతున్నాయి. భర్త రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మామూలుగా అయితే ఆమె ఆ చూపుకే లేచి వెళ్ళి, ఏం కావాలని అడిగేది. కళ్ళు మూసుకుంది. మూడోసారి ఆయన తిరిగి చూసేసరికి నిజంగానే నిద్రపోయింది.

ఆదివారం తిరుగు విమానంలో చిన్నోడి సీటు ఖాళీగా వచ్చింది.